రేవు వీధి దర్జీ

ఇంట్లో కూర్చునే ప్రపంచం చుట్టి రావచ్చు అనే మాట లైబ్రరీ గోడల మీద రాసుకోవడానికి బాగుంటుంది. యాత్రా పుస్తకాలు చదివితే మనసు విశాలమవుతుందని, పరాయి మనుషుల మీద ప్రేమ పుడుతుందని సభల్లో చెప్పేవాళ్ళూ ఉన్నారు. కాజాల అక్కకి అలాంటిదేమీ జరగలేదు. ఊళ్ళ గురించి, దేశాల గురించి మా లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ ఆమె చదివింది. కోటలు, మ్యూజియంలు, రాజుల సమాధులు వచ్చినచోట పేజీలు తిప్పేసేది. సూర్యాస్తమయాలంటే మరీ చిరాకు. ఆమెకి కావలసింది మనుషులు, అదీ ముఖ్యమైన మనుషులు కాదు. రచయితకి దారి చూపించి పక్కకి తప్పుకున్నవాడు, హోటల్లో గ్లాసులు కడిగినవాడు, వంతెన మీద ఎదురుపడి అగ్గిపెట్టె అడిగినవాడు. ఒక్క వాక్యంలో వచ్చి పోయే అలాంటివాళ్ళలో తన తమ్ముడు ఉన్నాడేమోనని వెతికేది.

ఆమె పని కాజాలు తీయడం, గుండీలు కుట్టడం. స్టేషన్ ఎదుటి సందులో తండ్రి పెట్టిన దుకాణం. చొక్కాలూ కోట్లూ కుట్టే దర్జీలు ఆ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు గానీ, కాజా దగ్గరికి వచ్చేసరికి అందరూ గుడ్డ పట్టుకుని ఆమె దగ్గరికే వస్తారు. కిటికీ పక్కన ఎత్తు పీట, దారపు రీళ్ళ అద్దాల బీరువా, రంగుల వారీగా గుండీలు పోసిన రేకు డబ్బాలు. రైలు అందుకోవాలన్న కంగారులో గుండీ తెంపుకున్నవాళ్ళూ వస్తుంటారు. వాళ్ళకి చొక్కా విప్పే తీరిక ఉండదు, ఒంటి మీదే కుట్టేయాలి. అలా కుట్టడానికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. దారం కొస తొడుక్కున్నవాడి నోట్లో పెట్టి, పళ్ళతో పట్టుకోమంటారు. దాంతో గడ్డం పైకి లేస్తుంది, నోరు మూతపడుతుంది. గొంతు దగ్గర సూది ఆడుతుంటే లోకాభిరామాయణం విప్పేవాళ్ళని భరించలేక తండ్రి కనిపెట్టిన ఉపాయం అది. మాట్లాడితే సూది గుచ్చుకుంటుంది, ఎవరికన్నది నేను చెప్పలేను అనేవాడట. సందులో ఆడవాళ్ళు ఇప్పటికీ, మీ ఆయన్ని ఓసారి కాజాల అక్క దగ్గరికి పంపించు, కాసేపైనా ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది అని ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకుంటారు.

తమ్ముడికి సూది పట్టుకోవడం నేర్పింది అక్కే. తండ్రిదీ, అక్కదీ, తమ్ముడిదీ ముగ్గురిదీ ఎడమచేతి వాటం. ఆ పిల్లాడు పెద్దవాడై, పెళ్ళి చేసుకుని, ఓడలో సిబ్బంది బట్టలు బాగుచేసే పనికి కుదిరాడు. కొన్నాళ్ళు కార్డు ముక్కలు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. ఓడ కంపెనీవాళ్ళని అడిగితే, ఏదో రేవులో దిగాడు, ఓడ కదిలే వేళకి ఎక్కలేదు అన్నారు. ఏ రేవు అంటే ఒకరు ఒకటి చెప్పారు, ఇంకొకరు ఇంకొకటి. చచ్చిపోయాడని ఎవరూ అనలేదు. అదే వచ్చిన చిక్కు.

తమ్ముడి భార్య అక్క దగ్గరే ఉండిపోయింది. ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికించే విభాగంలో ఉద్యోగం. మంచి మనిషి, నవ్వితే ఇల్లంతా వినపడేది. ఆస్పత్రి ముందు కళ్ళజోళ్ళ దుకాణం నడిపే ఆయనకి ఆమె నచ్చింది. భార్య పోయినవాడు, నెమ్మదస్థుడు. అక్కకి విషయం తెలిసి కోప్పడలేదు సరికదా, ఎన్నాళ్ళిలా గోడలు చూస్తూ కూర్చుంటావు అని తనే మరదల్ని పోరింది. మాట కలిసే దశకి వచ్చింది కూడా.

ఆ రోజుల్లోనే లైబ్రరీకి ఆ పుస్తకం వచ్చింది. రాసినాయన మన భాషవాడే, ఏడాదిలో సగం దేశాలు పట్టి తిరిగేవాడు. వీధుల్ని బాగా రాస్తాడు. తారు వాసన కొట్టే వంతెన, దాని కింద చేపల గిడ్డంగి, పక్కనే మలుపు తిరిగే ట్రాము, ఇవన్నీ ఉన్న ఒక రేవు పట్నం గురించి అందులో ఒక అధ్యాయం ఉంది. రేవు వీధిలో ఒక దర్జీ రచయిత కోటు గుండీ ఒంటి మీదే కుడతాడు. తల ఎత్తడు. ఎడమ చేత్తో కుడతాడు. కుట్టబోయే ముందు దారం కొస తీసి రచయిత నోట్లో పెడతాడు.

అక్క ఆ పేజీ దగ్గర ఆగి, దుకాణం మూసేసి ఇంటికి వెళ్ళిపోయింది. వాడు ఉన్నాడే, అని మరదలితో చెప్పింది. మొగుడు ఉన్నదానికి ఇంకో మొగుడేంటి, కళ్ళజోళ్ళాయనకి ఇంకేమీ చెప్పొద్దు అని కూడా చెప్పింది. మరదలు మొదట నమ్మలేదు. ఎడమచేతి వాటం వాళ్ళు దేశానికి కోటిమంది ఉంటారు వదినా అంది. మరి దారమో అంది అక్క. మరదలు ఆ పేజీ మళ్ళీ చదవమంది.

ప్రచురించినవాళ్ళ చిరునామాకి రచయిత పేరున ఉత్తరాలు రాశారు. జవాబు లేదు. ఆ పట్నానికి వెళ్ళడం వాళ్ళ తాహతుకి అందని పని. ఇక మిగిలింది చదవడమే. దుకాణం కట్టేసి వచ్చాక అక్క ఆ అధ్యాయం పైకి చదివేది, మరదలు బట్టలు మడతపెడుతూ వినేది. వినగా వినగా ఆమెకి ఆ వీధులు మన వీధుల కంటే బాగా తెలిసిపోయాయి. ట్రాము మలుపు దగ్గర వాడు ఏ వైపు గదిలో ఉంటుంటాడు, పొద్దున్న ఎండ మిషన్ మీద పడుతుందా పడదా అని ఇద్దరూ వాదించుకునేవాళ్ళు. ఒకసారి ఆస్పత్రిలో ఎవరో ముసలాయన మందుల గదికి దారి అడిగితే, వంతెన దాటి తారు వాసన తగిలేదాకా వెళ్ళండి అని చెప్పిందట. చెప్పినట్టు ఆమెకి తెలియనే లేదు. పక్కనున్న నర్సు నవ్వింది, తర్వాత నవ్వడం మానేసింది.

యాత్రా పుస్తకం చేసే మాయ ఇదే. అందులో కనిపించినవాడు ముసలివాడు కాడు, ఊరు మారడు, చావడు. రచయిత రైలెక్కి వెళ్ళిపోయినా వాడు అక్కడే, అదే పనిలో నిలబడి ఉంటాడు. ఎప్పుడు తెరిస్తే అప్పుడు ఉంటాడు. ఇంట్లో ఎవరూ కనిపించకుండా పోనివాళ్ళకి ఇది వినోదం.

కళ్ళజోళ్ళాయన ఓపిక పట్టాడు. పట్టి పట్టి చివరికి, దుకాణం వేరే ఊరికి మార్చుకుంటున్నానని, వస్తుందో రాదో ఈ వారంలో చెప్పమని కబురు చేశాడు. అదే వారం రచయిత కొత్త పుస్తకం గురించి మాట్లాడటానికి మా లైబ్రరీకి వచ్చాడు. అక్క పొద్దున్నే బయల్దేరింది. ఆయన నోటి నుంచి ఒక్క మాట వింటే చాలు, మరదలి సంగతి అటో ఇటో తేలిపోతుంది అనుకుంది.

సభలో ఆయన ప్రయాణం మనిషిని వినయవంతుణ్ణి చేస్తుంది వగైరా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. అక్క సంతకాల వరుసలో అందరికంటే వెనక నిలబడి, తన వంతు రాగానే పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి బల్ల మీద పెట్టింది.

"ఈ దర్జీ ఏ గుమ్మం పక్కన కూర్చుంటాడండీ?"

అందరికీ ఈ దర్జీయే నచ్చాడు అని ఆయన సంతోషపడ్డాడు.

"మా తమ్ముడు" అంది అక్క. దారం పద్ధతి గురించీ, ఓడ గురించీ, ఇంట్లో ఉన్న మరదలి గురించీ చెప్పింది.

ఆయన కలానికి మూత పెట్టేశాడు. ఇలాంటప్పుడు ఒక అబద్ధం చెబితే పుణ్యం అనేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆయన ఆ పుణ్యం కట్టుకోలేదు, అందుకు మెచ్చుకోవాలి.

"అక్కడ నాతో ఎవరూ మాట్లాడలేదమ్మా" అన్నాడు. "ఉన్నన్నాళ్ళూ ఒక్కణ్ణే తిరిగాను. అధ్యాయం చప్పగా వచ్చింది. ఎవరో ఒక మనిషి కావాలి. ఈ గుండీ సంగతి నేను బయల్దేరిన రోజు జరిగింది, మీ ఊళ్ళోనే. రైలు మారడానికి దిగినప్పుడు, స్టేషన్ ఎదురు సందులో. కుట్టింది మగాడు కూడా కాదు. రేవు వీధి కదా అని మగాణ్ణి చేశాను."

"ఆవిడ ఎలా ఉంటుంది?"

"మొహం చూడలేదమ్మా. తల వంచుకుని కుడుతోంది."

అక్క పుస్తకం మూసి, నమస్కారం పెట్టి వచ్చేసింది. ఆవిడ తనేనని ఆయనకి చెప్పలేదు.

దుకాణానికి వచ్చి ఎత్తు పీట మీద కూర్చుంది. ఎన్నో ఊళ్ళ వీధులు వెతికింది గానీ, తన సందు కూడా ఎవరికో పరాయి దేశమేనని, పోయేవాడు తనని కూడా ఒక్క వాక్యంలో పట్టుకుపోగలడని ఆమెకి ఎప్పుడూ తట్టలేదు. ఆ పేజీలో దర్జీ మెడ వంపు గురించి ఒక మాట ఉంది. ఎవరో వెనక నుంచి పిలుస్తారని వింటున్నట్టు వంగిన మెడ అని. ఆ మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా మరదలు చదవడం ఆపమనేది. ఇన్నాళ్ళూ ఇద్దరూ తమ్ముడి మెడ అనుకుని తలుచుకున్నది ఈ పీట మీది మెడని. కిటికీ అద్దంలో కనిపిస్తుందేమోనని ఒకసారి తిరిగి చూసింది. తిరిగి చూస్తే మెడ ఎలాగూ నిటారు అవుతుంది.

మరదలు ఉద్యోగం నుంచి వచ్చేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. దాచుకుని లాభం లేదని జరిగింది జరిగినట్టు చెప్పేసింది. రేవు వీధిలో ఎవరూ లేరని, కుట్టింది తనేనని.

మరదలు చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని వచ్చింది.

"ఆయన ఎన్ని ఊళ్ళు తిరిగుంటాడు వదినా? ఏది ఎక్కడ జరిగిందో ఆయనకేం గుర్తుంటుంది?"

"స్టేషన్ ఎదురు సందు అన్నాడే. మన పద్ధతే."

"మరి నీకు గుర్తుందా? ఆయన కోటుకి కుట్టినట్టు?"

అక్క ఆలోచించింది. ఆమె దృష్టి ఎప్పుడూ గుండీ మీదే. దారం పళ్ళతో పట్టుకున్నవాళ్ళ మొహాలు ఆమె చూసింది తక్కువ.

"చూశావా" అంది మరదలు. గొంతులో కోపం లేదు, ఒక రకమైన నింపాదితనం ఉంది. అది చూసే అక్కకి భయం వేసింది.

"అమ్మాయ్, నా మాట విను. కళ్ళజోళ్ళాయన రేపు సామాను ఎక్కిస్తున్నాడు. పద, నేనూ వస్తాను. వస్తున్నానని చెప్పు."

"మొగుడు ఉన్నదానికి ఇంకో మొగుడేంటి వదినా. నువ్వన్న మాటేగా."

అక్క బతిమాలింది, తిట్టింది, చివరికి పుస్తకం లైబ్రరీకి తిరిగి ఇచ్చేస్తానంది. ఇచ్చెయ్, నాకు వచ్చేసింది అంది మరదలు. నిజమే, అధ్యాయమంతా ఆమెకి నోటికి వచ్చు.

మర్నాడు అక్క ఒక్కతే వెళ్ళింది. కళ్ళజోళ్ళాయన గోడ మీది అద్దాలు తీసి పాత దుప్పట్లలో చుడుతున్నాడు. తప్పంతా నాదే, ఇంకొన్నాళ్ళు ఆగితే దారికి తెచ్చుకుంటాను అని ఆమె అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. బతికున్నవాడితోనో చచ్చిపోయినవాడితోనో అయితే పోటీ పడొచ్చు గానీ అని మధ్యలో ఆపేశాడు. బండి మధ్యాహ్నానికి కదిలిపోయింది.

ఇప్పుడు ఆ ఇంట్లో పుస్తకం లేదు. లైబ్రరీకి అక్క రావడం మానేసింది. సాయంత్రాలు మరదలే చెబుతుంది, అక్క వింటుంది. ఒక్కోసారి మరదలు పుస్తకంలో లేనివి అడుగుతుంది. మొన్న ముసురు పట్టినప్పుడు కిటికీ మూసి వచ్చి అడిగింది.

"వానొస్తే ఆయన మిషన్ ఎక్కడ పెట్టుకుంటారు వదినా?"

రచయిత ఆ పట్నంలో ఉన్నన్నాళ్ళూ ఎండ కాసింది. అధ్యాయంలో వాన చినుకు లేదు. అక్క కాజా తీస్తున్న చొక్కా పక్కన పెట్టింది.

"చేపల గిడ్డంగి చూరు కింద" అంది.

"చూరు పెద్దదేనా?"

"పెద్దదే. మిషనూ మనిషీ పడతారు."