గౌరి ఒంట్లో సున్నం

దగ్గరగా వచ్చి కూర్చోండమ్మా, మా బర్రె గౌరి సంగతి చెబుతాను.

మాది తడ దగ్గర, పులికాట్ సరస్సు ఒడ్డున పల్లె. పోయిన ఏడాది గౌరి ఈనింది. జున్ను వీధంతా పంచాను. మర్నాడు పొద్దున చూస్తే మెడ డొక్కకు వాల్చి పడి ఉంది. చెవులు చల్లబడ్డాయి. ఎంత లేపినా లేవలేదు. దూడ అరిచినా కన్ను తిప్పలేదు. మా ఇంటికి ఆధారం అదొక్కటే.

"దిష్టే! జున్ను పంచొద్దంటే వింటివా?" అంటూ మా అత్త ఉప్పు దిగదుడిచింది.

పశువుల డాక్టరు గారు వచ్చారు. "కాల్షియమంతా పాలలోకి దిగిపోయిందమ్మా" అంటూ మెడ నరానికి సీసా మందు ఎక్కించసాగారు.

"అంటే ఏంది సార్?"

"సున్నంలో ఉండేదే. రాళ్లలో, గుల్లల్లో, మన ఎముకల్లో ఉండే ఖనిజం. గబగబా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది, నన్ను మాట్లాడించొద్దు."

గౌరి గుండె మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. సీసా అయిపోవస్తుండగా దాని ఒళ్లంతా వణికింది. పోయిందనుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి పేడ వేసి, తూలుతూ లేచి, దూడను నాకుతోంది!

"నా ఉప్పే పనిచేసింది" అంది అత్త.

"ఉప్పూ ఖనిజమేలే అవ్వా" అని నవ్వారు డాక్టరు గారు.

సరస్సు గుల్లలు కాల్చిన సున్నమే మా గోడలకు వేస్తాం. ఆ తెలుపు చూసినప్పుడల్లా నా అరచేతికి గౌరి గుండె తగులుతుంది. మీ ఇంట పాడి నిలబడాలి, మీ పిల్లల ఎముకలు గట్టిపడాలి, చల్లగా ఉండండి.