నిమ్మకాయ బొమ్మ సీసా

మా అమ్మ మొప్ప ఎత్తి చూడందే చేప కొనదు. నీళ్లు కలిపాడేమోనని పాలాయన్ని రోజూ నిలదీస్తుంది. ఆత్రేయపురం నుంచి ఎవరు పూతరేకులు తెచ్చినా, నెయ్యి ఎక్కడిదో చెప్పేదాకా నోట పెట్టదు. అలాంటి మనిషి నేల తుడిచే మందు సీసా మీద నిమ్మకాయ బొమ్మ చూసి, నిమ్మకాయే కదా అని నమ్మేసింది.

శనివారం సాయంత్రం మా ఊరి చర్చి తుడవడం అమ్మ పని. ఎవరూ చెప్పలేదు, తనే పెట్టుకుంది. ఆదివారం కీర్తన ఎత్తుకునేదీ తనే. అమ్మ ఎత్తుకోకపోతే మావాళ్లు ఎవరి రాగంలో వాళ్లు బయల్దేరి, ఏ చివరి చరణంలోనో కలుస్తారు.

ఆ మందు వచ్చాక చర్చి ఘుమఘుమలాడింది. వాసన ఎంతుంటే శుభ్రం అంతని మా సంఘం లెక్క, అందుకని అమ్మ ధారాళంగా పోసేది. కొన్నాళ్లకి దగ్గు పట్టుకుంది. శనివారం మొదలై, ఆదివారం కీర్తన సగంలో గొంతు పట్టేసేది. వయసు మీద పడింది అన్నారు. ఒక ఆదివారం అమ్మ పాటల పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

కాకినాడ తీసుకెళ్తే డాక్టరుగారు అంతా విని, "ఆ లిక్విడ్‌లో ఏముందండి?" అని అడిగారు. బడిలో కెమిస్ట్రీ చెప్పే నేను ఇంటికొచ్చి సీసా అటూ ఇటూ తిప్పి చదివాను. నీళ్లు, శుభ్రపరిచే పదార్థాలు, సువాసన. అంతే. బిస్కెట్ ప్యాకెట్ మీదైతే చిటికెడు ఉప్పు సంగతి కూడా రాస్తారు. కంపెనీకి ఫోన్ చేస్తే ఓ అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది.

"అది కంపెనీ ఫార్ములా మేడమ్, చెప్పకూడదు. కానీ చాలా సేఫ్ మేడమ్."

"అందులో ఏముందో నీకు తెలుసా అమ్మా?"

"మాక్కూడా చెప్పరు మేడమ్."

డాక్టరుగారు ముందు అది మానేసి చూడమన్నారు. అమ్మ ఉత్త నీళ్లతో తుడవడం మొదలుపెట్టింది. "పాపం, ఒంట్లో ఓపిక లేక సరిగ్గా తుడవట్లేదు" అని సంఘంలో జాలిపడ్డారు. నాకు ఒళ్లు మండింది. అమ్మ మాత్రం పట్టించుకోలేదు. మెల్లగా దగ్గు తగ్గింది. ఒక ఆదివారం కీర్తన మొదటినుంచి చివరిదాకా ఆగకుండా పాడింది.

మా ప్రార్థనల వల్లే అన్నారందరూ. మరుసటి వారం సంఘపెద్దగారు కృతజ్ఞత కానుకంటూ ఒక పెద్ద డబ్బా మోసుకొచ్చి, అందరి ముందూ ప్రభువు బల్ల దగ్గర పెట్టారు. "మీ గొంతు తిరిగొచ్చింది కదండి. ఇంక మన చర్చికి వాసన లోటు ఉండకూడదు" అన్నారు. అదే మందు. ఈసారి మల్లెపువ్వు బొమ్మ.

కానుకను కాదనే అలవాటు మాలో లేదు. అయినా నేను లేవబోయాను. అమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, తనే వెళ్లింది. చేపను చూసినట్టే ఆ డబ్బాని నాలుగు వైపులా తిప్పి చూసింది. మూత మాత్రం తీయలేదు.

"ఇందులో ఏముందో ఆయనొక్కడికే తెలుసు కదండీ" అంది బల్ల వైపు చూపించి. "ఆయన దగ్గరే ఉండనివ్వండి."

డబ్బాని బల్ల కిందికి జరిపి, కీర్తన ఎత్తుకుంది.