పామాయిల్ ఓడ

మా పాప నెల తక్కువలో పుట్టింది. ఇరవై ఒకటో రోజు వేడుక లేకుండా దవాఖానాలోనే గడిచిపోయింది. అందుకే మొదటి పుట్టినరోజుకు నా ఇంట్లో, నా చేత్తో బూరెలు వండి పెట్టాలని, పిల్ల బాగుందని అందరూ కళ్లారా చూడాలని ఏడాదంతా అనుకున్నాను. ఆ శ్రావణంలో నేలకొండపల్లి నుంచి అత్తమ్మ వాళ్లు పదిమంది వస్తున్నామని ఉత్తరం రాశారు. మేమప్పుడు భద్రాచలంలో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయన బడిపంతులు.

బియ్యం, బెల్లం, పప్పు ఉన్నాయి. నూనె లేదు. పల్లీనూనె మాకు అందేది కాదు. రేషన్ షాపులో ఇచ్చే పామాయిలే మా వీధి మొత్తానికీ దిక్కు. అది రాక రెండు నెలలైంది.

"ఏంది సంగతి?" అని అడిగితే, "ఓడ రాలేదమ్మా. మలేషియా నుంచి రావాలె. ఆడనే ఆగిందంట," అన్నాడు డీలరు.

అప్పటినుంచి మా వీధి ఆడవాళ్లు ఎదురుపడితే మొదటి మాట "ఓడ వచ్చిందా?" అనే. మాలో సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

పుట్టినరోజు నాలుగు రోజులుందనగా పక్కింటి చాచీ వీధిలోంచే అరుచుకుంటూ వచ్చింది. వాళ్లది రేవు దగ్గర పరుపులు కుట్టే దుకాణం.

"బేటీ, జల్దీ! డబ్బా తీస్కో! ఓడ వచ్చింది!"

"ఎక్కడికి?"

"రేవుకే! నా కళ్లతోని చూసిన!"

ఖమ్మంలో డిగ్రీ చదివినదాన్ని. సముద్రం మీద తిరిగే ఓడ గోదావరిలో ఇంత ఎగువకు రాదని నాకు తెలియదా? తెలుసు. అయినా పాపను చంకనేసుకుని, డబ్బా పట్టుకుని చాచీ వెంట పరుగెత్తాను. మేం పోయేలోపు అయిపోతుందేమోనని భయం.

రేవులో ఉన్నది లాంచీ. ఆ రోజు సంత. దిగువనున్న అడవి ఊళ్ల జనం దిగుతున్నారు. రెండు మేకలు, కోళ్లగంపలు, వెదురు చాటలు. చాచీ నా మొహం చూడకుండా, "చిన్న ఓడ," అంది. నాకు నవ్వాగలేదు.

లాంచీ దిగిన ఒక కోయ అక్క మా ఖాళీ డబ్బాలు చూసి ఆగింది. "నీళ్లకొచ్చిన్రా?"

"నూనెకు. ఓడల వస్తదనుకున్నం," అంది చాచీ.

"వచ్చింది గద!" అని ఆమె భుజానికి వేలాడుతున్న సొరకాయ బుర్ర చూపింది. "ఇప్పనూనె. మేం దీంతోనే వండుకుంటం."

నేను డబ్బా వెనక్కి లాక్కున్నాను. ఇప్ప అంటే నాకు తెలిసింది సారా ఒక్కటే. "చంటిపిల్ల ఉందక్కా. మత్తెక్కదు కదా?"

ఆమె పడీపడీ నవ్వింది. "సారా పువ్వుది. నూనె గింజది. సదువుకున్నదాని లెక్కున్నవ్, గిది తెల్వదా? నా పిల్లలు గీ నూనె తినే పెరిగిన్రు." చేదు పోవడానికి చింతపండు ముక్క వేసి పొగ వచ్చేదాకా కాచమని చెప్పి, డబ్బా నింపింది.

మర్నాడు అలాగే కాచాను. మొదట ఇల్లంతా ఘాటు వాసన, తర్వాత అదీ పోయింది. రుచి చూద్దామని వేసిన తొలి బూరె మా ఆయనకు పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఆయన నమిలి, లేచి, గోడ పట్టుకుని ఊగాడు.

"ఏమే, ఇల్లు తిరుగుతుంది!"

నేను వేసిన కేకకు చాచీ పరుగెత్తుకొచ్చింది. అప్పటికే ఆయన నవ్వుతూ రెండో బూరె తింటున్నాడు. ఆయనతో మూడు రోజులు మాట్లాడనన్నాను. పూట కూడా ఆగలేకపోయాను, చెప్పాల్సిన పనులు అన్ని ఉన్నాయి.

పుట్టినరోజున ముసురు పట్టినా అందరూ వచ్చారు. అత్తమ్మ ఒక బూరె కొరికి, "నెయ్యిల వేయించినవా ఏంది? పంతులు జీతానికి గింత గొప్పనా?" అంది. చల్లబడితే ఆ నూనె నిజంగానే నెయ్యిలా పేరుకుంటుంది. భయపడుతూనే ఉన్నమాట చెప్పాను. ఆమె ఇంకో బూరె తీసుకుంది.

"అడవిల నెయ్యి కాసే చెట్టు ఉంటే ఇన్నేండ్లు నాకెవ్వరు చెప్పలేదేంది?" అని, చిన్న ముక్క తుంచి పాప నోట్లో పెట్టింది.

కాసేపటికి పాప అంత గోలలోనూ నిద్రపోయింది. పిలిచాను. కదల్లేదు. "అత్తమ్మా, పిల్లకు మత్తెక్కిందేమో!"

"పొద్దటి సంది పదిమంది ఎత్తుకుంటే నిద్ర రాదా? మత్తు నీకెక్కింది. కూసొని తిను."

ఉయ్యాల పక్కనే కూర్చుని, ఒక చెయ్యి పాప పొట్ట మీద ఉంచి, రెండో చేత్తో బూరె తింటున్నాను. పాప కళ్లు తెరిచి నా చేతిలోది లాక్కుంది. అందరూ ఒక్కసారిగా నవ్వారు. నేను ఏడ్చాను, నవ్వుతూనే.

తర్వాత కొన్నాళ్లకు డీలరు కబురు పెట్టాడు, ఓడ వచ్చిందని. "మా ఓడ సంత సంతకు వస్తది," అంది చాచీ గర్వంగా. నేను మాత్రం కార్డు పట్టుకుని లైన్లో నిలబడ్డాను. ఇప్పటికీ మా వంటింటి అలమరలో రెండు డబ్బాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి రాకపోతే ఇంకోటి ఉండాలి కదా.