డ్రిప్పు పైపుల కంచె

చేని కంచెకు పాతిన తుమ్మ గుంజలు చెదపట్టి పడిపోతే, కొత్తవి కొందామని ఈ రోజు నాయనతో కలిసి పామిడి వెళ్లాను. అంగడాయన నల్లటి ప్లాస్టిక్ గుంజలు చూపించాడు.

"కట్టెవి వద్దన్నా. ఇవి పాత డ్రిప్పు పైపులు కరిగించి చేసినవి. చెద పట్టదు, యాభై ఏండ్లుంటాయి."

నాయన ఒక గుంజను చేత్తో నిమిరాడు. పోయిన ఎండాకాలం బోరు ఎండిపోయాక, మా డ్రిప్పు పైపులన్నీ పాత సామాన్లవాడి బండికెత్తింది ఆయనే.

"కంచె యాభై ఏండ్లుంటాది సరే, లోపల పైరు ఎన్నాళ్లుంటాదప్పా?" అన్నాడు.

అంగడాయన నవ్వాడు. మేం నవ్వలేదు.

చేనికి నీళ్లు పెట్టలేకపోయిన పైపులనే మళ్లీ కాపలా పెట్టడానికి మనసొప్పక, తుమ్మ గుంజలే తెచ్చుకున్నాం. మీరైతే ఏవి తెచ్చేవారో చెప్పండి. మా చేన్లో ఈ ఏడు చెదలకైనా తిండి దొరుకుతుంది.