క్లారీ చివరి మంద

ఇంటికి ఎవరొచ్చినా క్లారీ ప్రిడ్‌మోర్ "బాగున్నారా" అని అడిగేవాడు కాదు. గుమ్మానికి అడ్డంగా నిలబడి, "మాత్రలేమైనా మింగుతున్నావా?" అనేవాడు.

లేదంటే సరే, లోపలికి దారి. మింగుతున్నానంటే టీకీ, అతని భార్య ఊనా చేసిన నిమ్మకాయ కేకుకీ లోటుండదు గానీ, అవసరం పడితే ఇంట్లో మరుగుదొడ్డి వైపు కన్నెత్తి చూడడానికి వీల్లేదు. పెరట్లోకి దిగి, కోళ్ళగూడు దాటి, సైప్రస్ చెట్ల వరుస దాటి, అతని తాత తవ్విన గుంత పాయిఖానాకి నడవాల్సిందే. అక్కడ తలుపుకి గడియ లేదు. లోపల కూర్చున్నవాళ్ళు పాట పాడుతూ ఉండాలి.

ఇదంతా సెప్టిక్ ట్యాంకు కోసం. ఆస్ట్రేలియాలో ఓ మూలనున్న గిప్స్‌ల్యాండ్ కొండల్లో మురుగు కాలవలు ఎక్కడివి? ఎవరి ట్యాంకు వాళ్ళ పెరట్లోనే. దాన్ని పాతిపెట్టి మర్చిపోవడం లోకరీతి. క్లారీ మాత్రం మోకాళ్ళు మొరాయించి పాడి ఆవుల్ని అమ్మేసిన నాటినుంచి, ట్యాంకులో మలినాన్ని తిని బతికే సూక్ష్మజీవుల్నే తన మందగా చూసుకునేవాడు. మనుషుల రోగాలు కుదిర్చే ఘాటు మాత్రలు ఒంట్లోంచి దిగి ట్యాంకులో పడితే ఆ మంద చస్తుందని అతని భయం. అది ఉత్త భయం కూడా కాదు.

"ఆవుకి జబ్బు చేస్తే అరుస్తుంది. వీటికి నోరేదీ? మనమే కనిపెట్టుకోవాలి," అనేవాడు.

దీనివల్ల ఊళ్ళో ఎవరికీ జబ్బు దాచుకునే యోగం లేకుండా పోయింది. ఆదివారం మధ్యాహ్నం క్లారీ ఇంట్లో ఎవరు కోళ్ళగూడు దాటారో సోమవారం పొద్దునకల్లా రొట్టెల కొట్లో తెలిసిపోయేది. "పాపం, ఆయన కోళ్ళగూడు దాటాడట" అంటే చాలు, ఎదుటివాళ్ళు "అయ్యో, ఏ డాక్టరు?" అనేవారు. ఒకసారి గొంతు నొప్పికి మాత్రలు వాడుతున్న ఫాదర్ డూలన్‌ని జోరు వానలో పంపించాడు. గొడుగు ఇచ్చాడు, రబ్బరు బూట్లు ఇచ్చాడు, మనసు మాత్రం మార్చుకోలేదు.

"క్లారీ, నేను దేవుడి సేవకుణ్ణయ్యా!"

"దేవుడు క్షమిస్తాడు ఫాదర్. ట్యాంకు క్షమించదు. గొంతు నొప్పి కదా, పాట కాస్త మెల్లగా పాడుకోండి."

ఇక కానుకల సంగతి. కొత్తగా ఇల్లు కట్టుకున్న ప్రతి జంటకీ క్లారీ ఇచ్చేది ఒకటే: తన ట్యాంకులోంచి తోడి తెచ్చిన పాల క్యానెడు సరుకు. గోరువెచ్చని పాలలో తోడు వేసినట్టు కొత్త ట్యాంకులో దాన్ని పోస్తే మంద త్వరగా నిలదొక్కుకుంటుందట. ఒక పెళ్ళిలో ఆ క్యానుని తీసుకెళ్ళి మిగతా కానుకల పక్కన బల్ల మీద పెట్టబోయాడు. ఊనా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మూత గట్టిగానే ఉంది కదే!" అన్నాడు క్లారీ, మనసు నొచ్చుకుని.

ఆ ఇంట్లో బ్లీచింగ్ సీసాకి ప్రవేశం లేదు. అందుకని ఊనా తెల్ల దుప్పట్లన్నీ మూటగట్టుకుని, కొండ దిగి, స్నేహితురాలు గ్లెనిస్ హాడో ఇంటికి వెళ్ళి దొంగచాటుగా ఉతుక్కునేది. గ్లెనిస్ స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, విధవరాలు, పేకాటలో క్లారీ జోడీ. ఈ దొంగతనం కూడా దాగలేదు. క్లారీ ఎవరింటికి వెళ్ళినా ముందు పెరట్లోకి నడిచి, గునపంతో ట్యాంకు మూత ఎత్తి, పొడుగు కర్రతో కలియబెట్టి, ఆ తర్వాతే మనుషుల్ని పలకరించేవాడు.

"గ్లెనిస్, నీ మంద కళ్ళు తేలేసింది. మా ఆవిడ దుప్పట్లు ఉతికిందా?"

"నీకెలా తెలుస్తుందయ్యా బాబూ!"

"ఇంట్లో మనుషులు అబద్ధం చెబుతారు గ్లెనిస్. ట్యాంకు చెప్పదు."

ఆ ఏడాది ఏప్రిల్లో గ్లెనిస్‌కి రొమ్ములో గడ్డ కనిపించింది. ఆపరేషన్ అయింది. ఆ తర్వాత మూడు వారాలకోసారి రైలెక్కి మెల్‌బోర్న్ వెళ్ళి, నరంలోకి మందు ఎక్కించుకుని రావడం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. అక్కకి మోకాళ్ళు బాగోలేవని, చూసి వస్తున్నానని చెప్పింది. జుట్టు రాలింది. చలికాలం కాబట్టి ఉన్ని టోపీ పెట్టుకుంటే అడిగేవాళ్ళు లేరు.

దాచింది సిగ్గుతో కాదు. భర్త రెజ్ పోయినప్పుడు ఊరు ఊరంతా ఆమెతో గొంతు తగ్గించి మాట్లాడింది. ఏడాది పాటు కూర గిన్నెలు గుమ్మంలోకి వచ్చి పడ్డాయి. పేకాటలో నెవిల్ క్రౌచ్, బంగాళాదుంపల రైతు, ఒక్క ముక్క కూడా వదలని మహా పిసినారి, చేతిలో ఆసు పెట్టుకుని ఆమెని గెలవనిచ్చాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఆమె ఏడ్చింది. రెజ్ కోసం ఏడ్చినదానికన్నా ఎక్కువ ఏడ్చిందేమో. మళ్ళీ తనని మామూలు మనిషిలా తిట్టేవాళ్ళు లేకుండా పోవడం ఆమెకి గడ్డ కన్నా పెద్ద భయం.

ఆస్పత్రిలో నర్సు అడిగింది, "ఇంట్లో సెప్టిక్ ట్యాంకా? ఈ మందు చాలా ఘాటండీ. ట్యాంకు వాసన కొడితే కంగారు పడకండి."

గ్లెనిస్‌కి వెంటనే క్లారీ మొహం గుర్తొచ్చింది. వెంటనే కోళ్ళగూడు కూడా.

మే నెలాఖరులో ఒక రోజు క్లారీ అలవాటుగా ఆమె పెరట్లోకి వచ్చి మూత ఎత్తాడు. ఆమె వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడింది. అతను చాలాసేపు వంగి చూశాడు. కర్రతో కలిపాడు. మళ్ళీ చూశాడు. మూత పెట్టి, చేతులు కడుక్కుని, గుమ్మంలోకి వచ్చాడు.

"వాన బాగా పడింది," అన్నాడు క్లారీ.

"పడింది," అంది గ్లెనిస్.

టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. వయసు మీద పడుతోంది, కళ్ళు ఆనడం లేదేమో అనుకుని ఆమె ఊపిరి పీల్చుకుంది.

ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం ఆమె పేకాటకి వెళ్ళలేదు. రెండోదానికీ వెళ్ళలేదు. ఊనా ఫోన్ చేసింది.

"ఏమ్మా, మమ్మల్ని వదిలేశావా? నువ్వు లేక మా ఆయన నీ ముక్కలు కూడా తనే ఆడాడు. ఓడిపోయి, జోడీ సరిగ్గా ఆడలేదని కేకలేశాడు."

గ్లెనిస్ నవ్వింది. నవ్వాక ఇల్లు మరీ నిశ్శబ్దంగా అనిపించింది. ఈ ఆదివారం వెళ్ళాలి అనుకుంది. టీ తాగకూడదు. అవసరం పడేలోగా లేచి వచ్చేయాలి. గుమ్మంలో క్లారీ అడిగితే లేదని చెప్పేయాలి. అంతవరకూ ఆ ఊళ్ళో క్లారీకి ఎవరూ అబద్ధం చెప్పలేదు, చెప్పినా ట్యాంకు బయటపెడుతుందని. దారి పొడుగునా "లేవు క్లారీ, ఏం మాత్రలూ లేవు" అని సాధన చేసుకుంటూ కొండెక్కింది.

తలుపు తెరుచుకుంది. క్లారీ ఆమె మొహం చూడలేదు, ఆమె నెత్తి మీదుగా ఎక్కడో చూశాడు.

"రా, రా. చలి లోపలికి వస్తోంది," అన్నాడు.

అడగలేదు.

వెనకే నెవిల్ దవడ పట్టుకుని వచ్చాడు. అతని పళ్ళకి బంగాళాదుంపల పంటలాగే ప్రతి ఏడూ ఏదో ఒక తెగులు. "మాత్రలు వాడుతున్నాను, నాకు తెలుసు, కోళ్ళగూడు దాటతాను," అన్నాడు అడక్కముందే.

"అక్కర్లేదు. అందరూ ఇంట్లోదే వాడండి."

నెవిల్ దవడ మీంచి చెయ్యి తీశాడు. "నీకు ఒంట్లో బాగానే ఉందా?"

"గుంత పాయిఖానాలో పాము దూరింది. టైగర్ పాము. ఇంత లావు."

"ఈ జూన్ చలిలో పామేమిటి క్లారీ? పాములన్నీ బొరియల్లో నిద్రపోతుంటాయి కదా!"

"ఇది నిద్రపట్టని పాము."

"పార ఇటియ్యి, ఒక్క దెబ్బతో..."

"ముట్టుకున్నావంటే చూడు! దాని పాటికి దాన్ని వదిలెయ్. కూర్చో, ముక్కలు పంచు."

గ్లెనిస్ ఊనా వైపు చూసింది. ఊనా టీ కెటిల్లోకి చాలా శ్రద్ధగా చూస్తోంది.

ఆట మొదలైన కాసేపటికి, భయపడ్డట్టే, గ్లెనిస్ లేవాల్సి వచ్చింది. ఎవరూ తలెత్తలేదు. లోపలి మరుగుదొడ్డి కిటికీలోంచి పెరడు కనిపించింది. ట్యాంకు మూత దగ్గర పచ్చగడ్డి నున్నగా కత్తిరించి ఉంది, చుట్టూ రాళ్ళు పేర్చి ఉన్నాయి. సమాధికైనా అంత సేవ జరగదు. ఆమె గొలుసు లాగడానికి భయపడి చాలాసేపు పట్టుకుని నిలబడింది. చివరికి లాగింది. నీళ్ళు చప్పుడు చేసుకుంటూ క్లారీ మంద మీదికి వెళ్ళిపోయాయి.

బయటికొచ్చి, వంటింట్లో కేకు కోస్తున్న ఊనా పక్కన నిలబడింది.

"నిజంగా పాముందా ఊనా?"

"ఫాదర్ డూలన్ కోసం వంగని మనిషి. ఒక్క సీసా బ్లీచింగ్ కొననివ్వవయ్యా అని ఇన్నేళ్ళు ప్రాధేయపడ్డాను, నాకోసమూ వంగలేదు. ఇవాళ ఏదో పాము కోసం వంగాడు." ఊనా కత్తిని గుడ్డతో తుడిచింది. "అది ఏ పామో నేను అడగలేదమ్మా. ఏదైనా సరే, చల్లగా ఉండాలి."

గ్లెనిస్ కేకు పళ్ళెం పట్టుకుని ముందు గదిలోకి నడిచింది. ఇక ఇప్పుడు మొదలవుతుంది అనుకుంది. క్లారీకి తెలుసు. తెలిసినవాడు గొంతు తగ్గిస్తాడు, మంచి ముక్కలు వదిలిపెడతాడు, కుర్చీలో దిండు సర్దుతాడు. ఆమె కూర్చుంది. ముక్కలు అందుకుంది. కళ్ళు మసగ్గా ఉండి ఏదో ఒక ముక్క వేసింది.

క్లారీ బల్ల మీద గుద్దాడు. టీ కప్పులు ఎగిరాయి.

"ఇస్పేటు తురుపు పెట్టుకుని, ఆటీను తొమ్మిది వేస్తావా! ఆ టోపీ కింద అసలు మెదడుందా, లేక అక్కడ కూడా పాము దూరిందా?"

గ్లెనిస్ అతని వైపు చూసింది. మొహం ఎర్రబడి ఉంది, మీసం అదురుతోంది. జాలి మచ్చుకైనా లేదు.

"నోరు ముయ్యి ముసలాడా! పోయిన వారం నా ముక్కలు కూడా నువ్వే ఆడి ఓడిపోయావట. అప్పుడు ఎవరి టోపీ కింద చూశావు?"

నెవిల్ పంటి నొప్పి మర్చిపోయి పగలబడి నవ్వాడు. నవ్విన పాపానికి మళ్ళీ దవడ పట్టుకున్నాడు. ఆ ఆట క్లారీ జోడీ ఓడిపోయింది. నెవిల్ ఒక్క ముక్క కూడా వదల్లేదు. కొండ దిగి ఇంటికి వెళ్తూ గ్లెనిస్ ఈల వేసింది. ఆమె ఈల రెజ్ ఉన్నప్పుడు విన్నవాళ్ళే గానీ తర్వాత విన్నవాళ్ళు లేరు.

ఆ చలికాలమంతా పాము క్లారీ గుంత పాయిఖానాలోనే కాపురం పెట్టింది. క్లారీ ఇంట్లో అప్పుడప్పుడూ వాసన కొట్టేది. ఎవరైనా ముక్కు మూసుకుంటే "కోళ్ళు" అనేవాడు. గ్లెనిస్ పెరట్లో మాత్రం, నర్సు అంత చెప్పినా, వాసన లేనేలేదు. ఎందుకో ఆమెకి ఆగస్టులో అర్థమైంది. మెల్‌బోర్న్ నుంచి తిరిగొచ్చేసరికి పెరట్లో ట్యాంకు పక్కన ఒక పాల క్యాను మర్చిపోయి ఉంది. దాని మీద ఎర్ర రంగుతో ప్రిడ్‌మోర్ అని రాసి ఉంది. ఆమె దాన్ని కడిగి తీసుకెళ్ళింది.

"క్లారీ, నీ క్యాను మా పెరట్లోకి ఎలా వచ్చింది?"

క్లారీ క్యానుని చూశాడు. ఆకాశాన్ని చూశాడు.

"గాలికి కొట్టుకొచ్చి ఉంటుంది."

"ఇనప క్యాను. కొండ కిందికి. ముళ్ళకంచె మీంచి."

"మంగళవారం గాలి గట్టిగా వీచింది," అన్నాడు. "నువ్వు ఊళ్ళో లేవు, నీకు తెలీదు."

ఆమె క్యానుని అతని చేతికిచ్చేసింది. నెవిల్ మాత్రం తన ట్యాంకులోంచి క్లారీ క్యాన్లకి క్యాన్లు ఎందుకు తోడుకుపోతున్నాడో తెలియక, మనిషికి మతి పోయిందని రొట్టెల కొట్లో చెప్పుకుని బాధపడ్డాడు.

అక్టోబరొచ్చింది. మందు ఎక్కించడం అయిపోయింది. గ్లెనిస్ నెత్తి మీద కోడిపిల్ల నూగులాంటి జుట్టు మొలిచింది. ఎండగా ఉన్న ఒక ఆదివారం టోపీ లేకుండానే కొండెక్కింది.

క్లారీ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. మొదటిసారి ఆమె నెత్తి వంక సూటిగా చూశాడు. కనుబొమలు ఎగరేశాడు.

"మాత్రలేమైనా మింగుతున్నావా?"

"లేవు క్లారీ. ఏం మాత్రలూ లేవు."

"నిజంగానా?"

"ట్యాంకుని అడుగు."

"అడిగే వచ్చాను," అని పక్కకి తప్పుకున్నాడు.

వెనకే నెవిల్ దవడ పట్టుకుని వచ్చి, అలవాటైపోయిన ధీమాతో తిన్నగా లోపలికి నడవబోయాడు. క్లారీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"మాత్రలా?"

"అవును, మళ్ళీ పన్నే. అయితే ఏం? పాముంది కదా!"

"వెళ్ళిపోయింది. నిద్రపట్టింది దానికి."

"అక్టోబర్లోనా! కొండ మీద పాములన్నీ ఇప్పుడే కదయ్యా నిద్ర లేచేది!"

"అదే చెప్తున్నా. దాని దారి వేరు," అని క్లారీ మూలనున్న గొడుగు తీసి అతని చేతిలో పెట్టాడు. వాన లేదు. "కోళ్ళగూడు దాటాక ఎడమ పక్క. పాట మర్చిపోకు."