గట్టు మీద పోయిన నలభై ఎనిమిది వోల్టులు

2022 వర్షాకాలం. ఆకివీడులో నాది మోటార్ వైండింగ్ కొట్టు. కాలిపోయిన మోటారులోని రాగి తీగ తీసేసి కొత్త తీగ చుట్టడం నా పని. అప్పటికి ఇరవై ఆరేళ్లుగా అదే చేస్తున్నాను. మా చుట్టుపక్కల చేపల చెరువులు, రొయ్యల చెరువులే కాబట్టి నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా ఏరియేటర్ మోటార్లే. ఏరియేటరంటే చెరువు నీటిని రెక్కలతో చిలికి గాలి కలిపే యంత్రం. మబ్బు పట్టిన రోజుల్లో అది తిరక్కపోతే రొయ్యలకి ఊపిరాడదు.

మంగాయమ్మగారు కొల్లేరు వైపు రెండెకరాల రొయ్యల చెరువు ఒంటిచేత్తో చూసుకునే మనిషి. ఆవిడ మోటారు ఒకటి నెలలోపే రెండుసార్లు కాలింది. రెండుసార్లూ నేనే చుట్టాను, కొట్లో నడిపి చూసే ఇచ్చాను. ముచ్చటగా మూడోసారి ఆటోలో తెచ్చి నా బల్ల మీద పెట్టించారు.

"ఏవండీ మేస్త్రిగారూ, తీగ చుడుతున్నారా, దారం చుడుతున్నారా?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. నా చేతిపనిని ఎవరేమన్నా పడలేను. "మీ కరెంటు సరిగ్గా ఉందో లేదో చూశారా అండీ?" అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట! మోటారు దగ్గర మా మరిది మీటరు పెట్టి చూశాడండీ. రెండొందల ముప్ఫై ఉంది."

ఆ రాత్రికే కొత్త తీగ చుట్టేశాను. కానీ ఈసారి మోటారు ఆవిడ చేతికి ఇవ్వలేదు. మర్నాడు పొద్దున్నే నేనే పట్టుకుని చెరువుకి వెళ్లాను. సంగతి తేలేదాకా కదలకూడదనుకున్నాను.

వెళ్లేసరికి ఆకాశం నల్లగా ఉంది. రెండో ఏరియేటరు ఒక్కటే తిరుగుతోంది. రొయ్యలు గట్టు వారకి వచ్చి తేలుతున్నాయి. మంగాయమ్మగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "అరవై రోజుల పంటండీ. మధ్యాహ్నం దాకా ఆగవు" అన్నారు. నిన్నటి ఎకసెక్కం ఆ గొంతులో లేదు.

మోటారు బిగించి నడిపించాను. మకాంలో, అంటే చెరువు కాపలా పాకలో, మోటారుని నడిపించే స్టార్టర్ డబ్బా దగ్గర 228 వోల్టులు. గట్టెంట నడిచివెళ్లి మోటారు దగ్గర చూస్తే 180. మరిదిగారు చూసింది మోటారు ఆగి ఉన్నప్పుడు. తీగలో కరెంటు పారనప్పుడు వోల్టేజీ ఎక్కడా తగ్గదు, చివరిదాకా నిండుగానే కనిపిస్తుంది. పనిలో పెట్టినప్పుడే దాని గుట్టు బయటపడుతుంది.

క్లాంప్ మీటరు తీగ చుట్టూ పట్టుకుంటే ఎన్ని ఆంపియర్ల కరెంటు పారుతోందో చెబుతుంది. అది 12 చూపించింది. మోటారు మీద రాసి ఉన్నది 9. వోల్టేజీ చాలక, అదే పని చెయ్యడానికి ఎక్కువ కరెంటు లాగి, వేడెక్కి కాలుతోందన్నమాట. దారిలో పోయిన వోల్టులు 48. వాటిని 12తో భాగిస్తే 4 ఓమ్‌లు. అది ఆ వైరు రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డుపడే గుణం. 48ని 12తో గుణిస్తే 576 వాట్లు. అంత పవరు వైరు వేడెక్కడానికే తగలబడుతోంది. వైరు పొడుగు చూస్తే ఒక్క ఓమ్ ఉండాలి. మిగతా మూడు ఎక్కడున్నాయి?

"ఈ వైరుకి అతుకులున్నాయా అండీ?"

"ఉండవా మరి! పంట పంటకీ ఏరియేటరు చోటు మారుస్తాం, ఉన్నదానికి ఇంకో ముక్క కలుపుతాం. తడవకుండా మేత సంచి కవరు చుట్టామండీ."

కరెంటు ఆపి కవర్లు విప్పాను. మూడు చోట్ల, చోటుకి రెండు తీగల చొప్పున ఆరు అతుకులు. లోపల ఉప్పుతడి చేరి రాగి పచ్చగా చిలుం పట్టింది. మళ్లీ నడిపించి మీటరు పెడితే అతుకుకి 6 వోల్టులు పోతున్నాయి. అంటే ఒక్కోదానికి అర ఓమ్, 72 వాట్లు; ఆరూ కలిపితే తప్పిపోయిన ఆ మూడు ఓమ్‌లు. తగరం కరిగించే నా సోల్డరింగ్ ఐరనే అరవై వాట్లు!

కరెంటు ఆపి అతుకులన్నీ కోసేశాను. మెరిసే రాగి వచ్చేదాకా గీకి, రాగి గొట్టాలు తొడిగి, నొక్కి బిగించి, పైన తడి దిగని టేపు చుట్టాను. ఈలోగా వాన మొదలైంది. మంగాయమ్మగారు తలమీద సంచీ కప్పుకుని, నా చేతుల మీద గొడుగు పట్టారు. మధ్యలో ఒకటే మాట, "అవుతుందాండీ?" అవ్వకపోతే ఏం చెప్పాలో నాకూ తెలీదు. భయం వేసింది. చెయ్యి మాత్రం ఆపలేదు.

పదకొండున్నరకి స్విచ్ వేస్తే మోటారు దగ్గర 218 వోల్టులు, 9 ఆంపియర్లు. గంట గడిచేసరికి రొయ్యలు అడుక్కి దిగాయి. కొన్ని చచ్చాయి గాని పంట నిలిచింది.

లెక్క చెప్పమంటే తడి మట్టిలో పుల్లతో రాసి చూపించాను. చూసి, "ఇంత చిన్న భాగహారానికాండీ నా చెరువు పోయేది? మొదటిసారే ఓ మాటు వచ్చి చూస్తే సరిపోయేది కదా!" అన్నారు.

కోపంగా అన్నా బాగుండేది. మెల్లగా అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. కాలింది మోటారు కాబట్టి రెండుసార్లూ మోటారునే చూశాను.

"నాదే తప్పండీ" అన్నాను.

ఆనాటి నుంచి, ఒకసారి చుట్టిన మోటారు మళ్లీ కాలి వస్తే, చుట్టాక అది పనిచేసే చోటికి నేనే పట్టుకెళ్లి, నడుస్తుండగా వైరుకి రెండు చివర్లా కొలవందే వదలను. చాదస్తమని నవ్వేవాళ్లున్నారు. నవ్వనివ్వండి. ఊపిరాడక పైకి తేలిన రొయ్యల్ని వాళ్లు నా పక్కన నిలబడి చూడలేదు.