ముందు వాసన, తర్వాత నమస్కారం

కోటేశ్వరరావు అంకుల్ ఎవరికీ ముందుగా నమస్కారం పెట్టరు. ముందు వాసన చూస్తారు. మెడ కాస్త ముందుకు చాచి, కళ్ళు సగం మూసి, రెండుసార్లు గాలి లోపలికి పీల్చి, మీరు పొద్దుటినుంచి ఏం తిన్నారో, ఎక్కడ తిరిగారో, ఇప్పుడు ఏం అబద్ధం చెప్పబోతున్నారో తేల్చేస్తారు. ఆ తర్వాతే చేతులు జోడిస్తారు. ఫ్రీమాంట్‌లో ఆయన వాకింగ్‌కి బయల్దేరితే తెలుగువాళ్ళు నోట్లో పుదీనా బిళ్ళ వేసుకునేవారు. బిళ్ళ లేనివాళ్ళు రోడ్డు దాటేవారు.

నేను మాస్టర్స్ చేయడానికి అమెరికా వచ్చి, కృతి అనే వరంగల్ అమ్మాయితో కలిసి అంకుల్ వాళ్ళింటి వెనక గదిలో రెండేళ్ళు అద్దెకున్నాను. మొదటిరోజు రెండు సూట్‌కేసులతో గుమ్మంలో నిలబడగానే ఆయన మెడ చాచారు.

"విమానంలో పెట్టింది ముట్టుకోలేదు," అన్నారు. "ఎడంచేతి పెట్టెలో ఆవకాయ ఉంది. మూత వదులైంది."

పెట్టె తెరిచి చూస్తే ఆవకాయ నా కొత్త దుప్పట్లన్నిటినీ పరామర్శించి వచ్చింది. ఇది ముక్కా, ఎయిర్‌పోర్టు స్కానరా అని బిత్తరపోయాను.

లోపలినుంచి ఆయన భార్య శశికళ ఆంటీ, "భోంచేశావా ఉజ్వలా?" అని అడిగింది.

"ఇప్పుడే తిన్నాను ఆంటీ," అన్నాను. కొత్త చోటు, బోలెడంత మొహమాటం.

"అబద్ధం," అన్నారు అంకుల్. "ఖాళీ కడుపుకి ఓ వాసన ఉంటుంది. శశీ, అన్నం వడ్డించు."

వాసనే సాక్ష్యం చెప్పాక ఇంక వాదించేదేముంది? మూడుసార్లు వడ్డించుకున్నాను.

కృతి సంగతీ అంతే. ఆ పిల్ల మొదటి సెమిస్టరంతా నూడుల్స్‌తో నెట్టుకొస్తూ ఎవరికీ చెప్పలేదు. "నేను తిన్న అంకుల్, తిన్న అని అంటనే ఉన్న. ఆయన ముక్కు ఇంటలేదు," అని నాతో మొత్తుకునేది. మొత్తుకుంటూనే ఆంటీ పంపిన టిఫిన్ బాక్సు ఖాళీ చేసేది.

అంకుల్‌ది మామూలు ముక్కు కాదు. కడియం పూలతోటల్లో పుట్టి, కెమిస్ట్రీ చదివి, న్యూజెర్సీలో ఒక పరిమళాల కంపెనీలో ముప్పై ఏళ్ళు జీతం తీసుకున్న ముక్కు. ఆయన సెంటు సీసాలు తయారుచేస్తాడని బంధువులు పెళ్ళిళ్ళలో గొప్పగా చెప్పుకునేవారట. నిజానికి ఆయన చేసింది బట్టల సబ్బుకి వాన వాసన, నేల తుడిచే నీళ్ళకి నిమ్మకాయ వాసన. "అమెరికాలో సగం బాత్రూములు నా చేతి చలవేనమ్మా," అనేవారు, ఏ మాత్రం సిగ్గుపడకుండా.

ఆయన గురువు మాత్రం మూడు వందల ఏళ్ళనాటి ఫ్రెంచివాడు. మార్సో అని పేరు. ఎప్పుడో కొన్న పాత పుస్తకంలో దొరికాడట. అంకుల్ ఆయన్ని "మా మార్సో దొర" అనేవారు, పక్కవీధిలో ఉన్నట్టుగా. వంకాయ గురించి మాట్లాడినా, వీసా గురించి మాట్లాడినా కథ చివరికి ఆ దొర దగ్గరికే చేరేది.

"తోళ్ళు శుభ్రం చేసేవాడి కొడుకమ్మా. ఊరంతా తోలు కంపు. వీడు చేతి తొడుగులు కుట్టేవాడు. ఎంత బాగా కుట్టినా ఏం లాభం? పెట్టుకున్నవాళ్ళ పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. అప్పుడు వీడేం చేశాడూ? నారింజ పూలూ, మల్లెలూ కొవ్వులో నానబెట్టి తొడుగులకి పట్టించాడు. ఓ జమీందారిణి వచ్చి ఒక్కసారే నలభై జతలు కొంది!"

"ఆవిడకి ఎన్ని చేతులు అంకుల్?"

"నీకు కథ కావాలా, లెక్కలు కావాలా?"

అక్కణ్ణుంచి దొర పారిస్ వెళ్ళేవాడు, కొట్టు పెట్టేవాడు, రాణీగారి చెలికత్తెలు క్యూ కట్టేవారు. సరిగ్గా దొరకి యాభై ఏళ్ళొచ్చేసరికి కథ ఆగిపోయేది. "ఆ తర్వాత?" అంటే, "ఆ తర్వాత కాఫీ," అని లేచిపోయేవారు. రెండేళ్ళలో ఆ కథ నలభైసార్లు విన్నాను. దొరకి యాభై ఒకటో ఏడు రానేలేదు.

ఆ ఇంట్లో ఇంకో వింత ఉండేది. ఆంటీ పోపు పెట్టినప్పుడల్లా వంటింట్లోంచి, "పోపు వేశానండీ!" అని కేకేసేది. మరుక్షణం అంకుల్ హాల్లో కూర్చుని, "ఆహా, ఏం ఘుమఘుమ!" అనేవారు. ఈ వయసులో ఎంత అన్యోన్యమో అని నేనూ, కృతీ మురిసిపోయేవాళ్ళం.

గొడవంతా కాజాతో మొదలైంది. శాంటా క్లారాలో చిప్‌ల కంపెనీ ఇంజనీరు రంగయ్య గారు మా వీధే. ఆయనకి షుగర్. ఒక పుట్టినరోజు పార్టీలో, "స్వీట్ ముట్టి ఏడాదైందండీ, కంట్రోల్ అంటే అదీ!" అని పదిమందిలో చెబుతున్నారు. పక్కనే భార్య రాజేశ్వరమ్మ గారు గర్వంగా నిలబడి ఉన్నారు. అంకుల్ మెడ చాచారు.

"కాజా. పావుగంట కూడా కాలేదు."

రాజేశ్వరమ్మ గారు భర్త చేతిలోని ప్లేటు లాక్కున్నారు. అందులో ఉన్నది కీరా ముక్కలే. అయినా లాక్కున్నారు.

రంగయ్య గారు అది మనసులో పెట్టుకున్నారు. మా తెలుగు సంఘంవాళ్ళు ఆదివారం మధ్యాహ్నం హాల్లో పరిమళాల మీద మాట్లాడమని అంకుల్‌ని పిలిచారని తెలియగానే, సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు: "మాటలెందుకండీ? ఏదో ఒక వాసన నేను తెస్తాను. చూడకుండా చెప్పమనండి." కింద నూట పద్నాలుగు బొటనవేళ్ళు. అందులో ఒకటి నాది. ఆయన ముక్కు మీద నాకంత నమ్మకం.

శనివారం పొద్దున ఆంటీ ఇంట్లో లేదు. నేను బట్టలు ఉతుక్కోవడానికి ఇంట్లోకి వెళ్ళేసరికి పొగ. స్టవ్ మీద పాలు పొంగి, ఇగిరి, మాడి బొగ్గయ్యాయి. మాడు కంపు గుప్పుమంటోంది. స్టవ్‌కి నాలుగడుగుల దూరంలో, వీపు ఇటు పెట్టి, అంకుల్ హాయిగా మార్సో దొర పుస్తకం చదువుకుంటున్నారు.

"అంకుల్! వాసన రావట్లేదా?"

"ఏం వాసన?" అన్నారు. వెనక్కి తిరిగి గిన్నె చూశారు. నన్ను చూశారు. పుస్తకం మూసేశారు.

"కోవిడ్‌లో పోయిందమ్మా. ఐదేళ్ళయింది. ఇప్పుడు నాకు మల్లెపూవూ ఒకటే, మురిక్కాలవా ఒకటే. శశికి తప్ప ఎవరికీ తెలీదు."

పోపు కేకలెందుకో నాకు అప్పుడు అర్థమైంది.

"మరి నా ఆవకాయ?"

"పెట్టె మూల నూనె మరక."

"రంగయ్య గారి కాజా?"

"స్వెట్టర్ మీద పాకం చుక్క."

"ఖాళీ కడుపు వాసన?"

"అలాంటి వాసనే లేదమ్మా. నీ కళ్ళు వంటింటి మీదే ఉన్నాయి, అంతే."

నాకు ఒళ్ళు మండింది. రెండేళ్ళు నన్ను వెర్రిదాన్ని చేశారు కదా! "పోయిందని చెప్పేస్తే ఏం పోయింది అంకుల్? ఎవరేమనుకుంటారు?"

"అనుకుంటే అనుకోనీ. కానీ మనవాళ్ళని తిన్నావా అని అడిగి చూడు. ప్రాణం పోతున్నా తిన్నాననే అంటారు. బాగున్నావా అంటే బాగున్నాననే అంటారు. అదే వాసన చెప్పిందంటే ఒప్పేసుకుంటారు. మొహమాటానికి చోటుండదు. రేపు ఆ రంగయ్య నా ముక్కు ఉత్తదేనని తేల్చాడనుకో, మళ్ళీ అందరూ తిన్నామనే చెబుతారు. నేనేం చెయ్యనూ?"

ఆయన గొంతులో అంత దిగులు నేనెప్పుడూ వినలేదు. నా కోపం ఏమైపోయిందో తెలీదు. గిన్నె తోముతూ ఆలోచించి, పక్కన నిలబడి సైగ చేస్తానన్నాను. గులాబీ అయితే జడ ముట్టుకోవాలి, కాఫీ అయితే గాజులు, నిమ్మకాయ అయితే చెవి. పద్దెనిమిది వాసనలకి సైగలు కుదుర్చుకున్నాం.

ఆదివారం హాలు నిండిపోయింది. రంగయ్య గారు గులాబీ రంగు కవరు ఒకటి తెచ్చి, లోపలినుంచి సన్నటి కాగితం ముక్క తీసి అంకుల్ ముక్కు దగ్గర పెట్టారు. పక్కనే ఉన్న నాకు గుప్పుమంది. ఇంగువ! అచ్చమైన, ముద్ద ఇంగువ. మా పద్దెనిమిదిలో ఇంగువ లేదు.

నేను కంగారులో రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాను. అంకుల్ నన్ను చూశారు, కవరు రంగు చూశారు, ధీమాగా పీల్చారు.

"గులాబీ. మేలు రకం."

రంగయ్య గారి మొహం వెలిగిపోయింది. ఆయన మైకు అందుకోబోతుంటే అంకుల్ మెడ మళ్ళీ చాచారు, ఈసారి ఆయన వైపు. తర్వాత గొంతు బాగా తగ్గించారు. పక్కనున్నాను కాబట్టి నాకు వినబడింది.

"రాజేశ్వరమ్మ గారు కూతురి పురిటికి కమ్మింగ్ ఊరికి వెళ్ళి పది రోజులైనట్టుందే. మూడు పూటలా పాలల్లో కార్న్‌ఫ్లేక్సేనా రంగయ్య గారూ? ఎవరికీ చెప్పలేదేం?"

రంగయ్య గారి చొక్కా గుండీ ఒకటి తప్పి కింది కాజాలో ఉంది. మీసం చివర ఎండిన పాల చారిక ఉంది. ఆయన మైకు పక్కకి తిప్పి మీసం తుడుచుకున్నారు.

"అంత తెలిసిపోతోందా?" అన్నారు నెమ్మదిగా.

"వాసన మరి. సాయంత్రం ఇంటికి రండి. పప్పుచారు, బెండకాయ వేపుడు."

రంగయ్య గారు చేతిలో కాగితం వైపు చూశారు. అంకుల్ మొహం వైపు చూశారు. ఇంజనీరు కదా, లెక్క ఎక్కడో తేలిపోయినట్టుంది. ఆ కాగితం గబుక్కున జేబులో కుక్కుకుని మైకులో అరిచారు.

"గులాబీయే! కరెక్టు! ఏం ముక్కండీ బాబూ!"

హాలంతా చప్పట్లు. ముందు వరసలో ఒకావిడ, "సాంబారు ఎక్కడో కాస్తున్నారు," అంటూ వెతుక్కుంది.

తిరిగొస్తూ కారులో, "అది ఇంగువ అంకుల్," అన్నాను.

ఆయన కారు పక్కకి ఆపి నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. "అయితే వాడు మంచివాడే," అన్నారు.

"ఇప్పుడైనా చెప్పండి. దొరకి యాభై ఏళ్ళు నిండాక ఏమైంది?"

"జ్వరమొచ్చి ముక్కు పోయింది. ఎవరికీ చెప్పలేదు. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, చెప్పులు చూసి, చేతులు చూసి, కష్టం సుఖం అడిగి, వాళ్ళకేం కావాలో అది కలిపి ఇచ్చేవాడు. అంతకుముందుకంటే కొట్టు బాగా నడిచింది."

"నిజంగా పుస్తకంలో ఉందా?"

"ఆ పేజీలు చిరిగిపోయాయమ్మా. నేనే రాసుకున్నాను."

ఇప్పుడు నాకు శాంటా క్లారాలో ఉద్యోగం. కిందటి నెల మా అపార్ట్‌మెంట్‌కి నిధి అనే కొత్త స్టూడెంట్ వచ్చింది. భోంచేశావా అంటే, "ఇప్పుడే తిన్నానక్కా," అంది, స్టవ్ మీది గిన్నె వైపు చూస్తూ.

నేను మెడ చాచి, కళ్ళు సగం మూసి, రెండుసార్లు గాలి పీల్చాను.

"అబద్ధం. ఖాళీ కడుపుకి ఓ వాసన ఉంటుంది. కూర్చో."

నిధి నా ముక్కు వైపు భయభక్తులతో చూసి, బుద్ధిగా కంచం ముందు కూర్చుంది. ఆ రోజు నాకు జలుబు. ముక్కు రెండువైపులా మూసుకుపోయి ఉంది.